మైదానపు మూల
(షోళింగనల్లూరులో మన పాఠశాల వార్షికోత్సవ సభయందు ఒక వ్యాయామోపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠము)



 నేను విద్వాంసుడను గాను. చిరకాలము పిల్లలకు వ్యాయామము నేర్పినవాడను. కావున నాకు తెలిసిన సంగతియే మనవి చేసెదను. ఈ యుదయము పరుగు పందెములు జరిగినపుడు మీరందరును త్రాటి వెంబడి గుమిగూడి చప్పట్లు కొట్టితిరి. సంతోషము. కాని మైదానపు మూలలో షాట్‌పుట్, డిస్కస్ పోటీలు జరుగుచుండగా అచట నిలిచినవారు పదుగురికి మించలేదు. ఆ పదుగురిలో ఇద్దరు కొలత టేపు పట్టుకొన్న ఉపాధ్యాయులు! ఆ మూలను గూర్చియే నేడు నాలుగు మాటలు చెప్పదలచితిని.

ఇనుప గుండు విసరుట మొద్దుబలము గలవారి పని యని మనలో ఒక అభిప్రాయము కలదు. అది సరికాదు. షాట్‌పుట్ వలయము వ్యాసము 2.135 మీటర్లు మాత్రమే. డిస్కస్ వలయము 2.50 మీటర్లు. ఆ కొద్దిచోటనే క్రీడాకారుడు వేగమును పుట్టించి, ఆ కొద్దిచోటనే దానిని నిలుపుకొనవలెను. వలయపు అంచు పైభాగమును గాని, వెలుపలి నేలను గాని పాదము తాకినచో, గుండు ఎంత దూరము పడినను లెక్కకు రాదు. గుండు నేలను తాకువరకు వలయమును విడువరాదు. విడుచునపుడు వెనుక సగము నుండియే బయటికి రావలెను. బలము గలవాడు గెలుచుననుట సగము నిజము. బలమును అదుపులో నుంచుకొన్నవాడు గెలుచుననుట తక్కిన సగము.

ఆ బలమైనను చేతిలో పుట్టునది కాదు. అది పాదమున మొదలై, మోకాలు, నడుము, రొమ్ము, భుజముల మీదుగా ప్రాకి, చివరకు వ్రేళ్ల కొసలకు చేరును. గుండును మెడకు ఆనించి ముందుకు త్రోయుదురే గాని, బంతివలె విసరరు. డిస్కస్ పట్టినవాడు వలయములో ఒకటిన్నర చుట్టు తిరిగి దానిని వదలును. ఈ వరుస తెలిసిన బక్కపలుచని పిల్లవాడు, తెలియని బొద్దుపిల్లవానిని మించి విసరుట నేను పలుమార్లు చూచితిని. వయస్సును బట్టి బరువులును మారును. పురుషుల గుండు 7.26 కిలోలు, పదునెనిమిదేండ్ల లోపు బాలురకు 5 కిలోలు. స్త్రీలకు 4 కిలోలు. ఆ వయస్సు బాలికలకు 3 కిలోలు. కావున పిల్లలకు భారమగునను భయము వలదు. పెద్దల గుండును పిల్లవాని చేతికిచ్చుటయే ప్రమాదము.

ఇక ఒక పాఠశాల విద్యార్థి కథ చెప్పెదను. న్యూయార్కు ప్రాంతమున ఆల్ ఓర్టర్ అను బాలుడు ఉన్నత పాఠశాలలో చదువుచు పరుగు సాధన చేయుచుండెను. ఒకనాడు ఎవరో విసరిన డిస్కస్ వచ్చి అతని పాదములకడ పడెను. అతడు దానిని తీసి తిరిగి విసరగా, అది విసరినవాని తలమీదుగా పోయి ఆవల పడినది. ఆనాటి నుండి అతని పని డిస్కస్ అయ్యెను. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్సులో, ఇరువదేండ్ల ప్రాయమున, 56.36 మీటర్లు విసరి స్వర్ణపతకము గెలిచెను. మరుసటి యేడు కారు ప్రమాదములో చావు తప్పి బయటపడి, మరల సాధనకు దిగెను. 1960లో రోములో 59.18 మీటర్లు, 1964లో టోక్యోలో 61 మీటర్లు, 1968లో మెక్సికోలో 64.78 మీటర్లు విసరి వరుసగా నాలుగు ఒలింపిక్సులలో ఒకే పోటీలో స్వర్ణము సాధించెను. టోక్యోలో అతని ప్రక్కటెముకల కడ గాయము; వైద్యులు విశ్రాంతి తీసికొమ్మనిరి. అయినను ఐదవ విసరులో గెలిచెను.

ఈ కథలో నాకు మిక్కిలి ప్రియమైన ఘట్టము రోములోనిది. అప్పుడు ముందంజలో నున్నవాడు అతని దేశీయుడే యైన రింక్ బాబ్కా. ఓర్టర్ ఎడమచేయి కొంత క్రిందికి దిగుచున్నదని గమనించి, ఆ తప్పును అతనికి చెప్పినవాడు ఆ బాబ్కాయే. ఓర్టర్ దానిని దిద్దుకొని గెలిచెను. చెప్పినవానికి రజతము దక్కెను. ఇట్టి విద్యను ఏ పాఠ్యపుస్తకము నేర్పగలదు?

అవి దూరదేశపు సంగతులని మీరనవచ్చును. మనవారి సంగతియే చూతము. కలియుగ భీముడని పేరొందిన కోడి రామమూర్తినాయుడుగారు వీరఘట్టమున జన్మించిరి. వారు ఈ నగరములోని సైదాపేటలోనే వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరమునకు మరలిపోయి వ్యాయామోపాధ్యాయులైరి. సర్కసు కీర్తి అటుపిమ్మట వచ్చినది. 1920లో హ్యారీ క్రో బక్ దొరగారు వై.ఎం.సి.ఏ. వ్యాయామ కళాశాలను స్థాపించినదియు ఈ నగరముననే. వారు 1924లో పారిస్ ఒలింపిక్సునకు భారత జట్టు వెంట వెళ్లిరి. దూరదర్శనమున మహాభారతము చూచిన మీలో అందరికిని భీముడు జ్ఞాపకముండును. ఆ వేషము వేసిన ప్రవీణ్ కుమార్ 1966, 1970 ఆసియా క్రీడలలో డిస్కస్ స్వర్ణపతకములు గెలిచినవాడు. గద పట్టుటకు ముందే ఆయన చేయి డిస్కస్ పట్టి యుండెను.

మన తెలుగువారిలో రొంగలి రవిని తలచుకొనవలెను. ఉత్తరాంధ్రకు చెందిన ఆ యువకుడు పుట్టుకతోనే పొట్టివాడు. పొట్టివారికై ఏర్పడిన ఎఫ్-40 విభాగములో 4 కిలోల గుండు విసరుచు, 2023లో హాంగ్జౌ నగరమున జరిగిన ఆసియా పారా క్రీడలలో రజతపతకము పొందెను. 2024 పారిస్ పారాలింపిక్సులో 10.63 మీటర్లు విసరి ఐదవ స్థానమున నిలిచెను. ఐదవ స్థానమునకు పతకము లేదు. కాని అది అతడు అంతవరకు విసరిన దూరములన్నిటికంటె మిన్న. పోటీ యనగా ముందుగా నిన్నటి తనతో చేయునది.

బాలికల తల్లులకు ప్రత్యేకముగా ఒక మాట. కృష్ణా పూనియా వివాహితయై, ఒక బిడ్డకు తల్లియై, 2010లో ఢిల్లీ కామన్వెల్తు క్రీడలలో డిస్కస్‌ను 61.51 మీటర్లు విసరి స్వర్ణము గెలిచెను. ఆ పోటీలో మూడు పతకములును భారత స్త్రీలకే వచ్చినవి. ఆమెకు శిక్షణ ఇచ్చినవాడు భర్తయే.

ఇప్పుడు నా తప్పును ఒకదానిని మీ యెదుట ఒప్పుకొనెదను. చాల యేండ్ల క్రిందట, నేను పనిచేసిన ఒక బడిలో, తొమ్మిదవ తరగతి బాలిక యొకతె షాట్‌పుట్ చక్కగా విసరుచుండెను. ఆ యేడు ఆమె దూరము నెలనెలకు పెరుగుచు వచ్చినది. సంవత్సరాంతమున ఆమె తండ్రి వచ్చి, "మాస్టారూ, వచ్చే యేడు పది. ఇక ఆటలు చాలునండీ" అనెను. తల్లి కొంచెము వెనుక నిలిచి, "భుజాలు పెరిగితే రేపు సంబంధాలు కుదరవద్దా అండీ?" అని మెల్లగా అనెను. వారు చెడ్డవారు కారు. బిడ్డ మేలు కోరినవారే. నేను, "చిత్తమండీ" అని ఊరకుంటిని. రోజునకు ముప్పావుగంట సాధనతో చదువు చెడదని గాని, 3 కిలోల గుండు ఆడపిల్ల రూపమును మార్చదని గాని నేను చెప్పలేదు. ఇటీవల ఆమె ఇచటనే, పాత మహాబలిపురము రోడ్డు మీద నాకు కనబడినది. మంచి ఉద్యోగములో నున్నది. క్షేమసమాచారము లైన తరువాత, "మాస్టారూ, నేనెంత దూరం విసరగలనో నాకు తెలియకుండానే పోయిందండీ" అని నవ్వినది. ఆ నవ్వు నన్నింకను విడువలేదు.

కావున మీకు నా మనవి. పదవ తరగతి రాగానే పిల్లలను మైదానము నుండి మరలింపకుడు. సాధన వేళను కొంత తగ్గించినను పూర్తిగా మానిపింపకుడు. ప్రక్కింటి పిల్లవాని దూరముతో మీ పిల్లవాని దూరమును పోల్చకుడు. విసరు పిల్లకు కడుపునిండ అన్నము, పప్పు, పాలు, వేళకు నిద్ర కావలెను, మందుపొడులు అక్కరలేదు. గుండు గాని డిస్కస్ గాని ఉపాధ్యాయుడు లేనిచోట విసరనీయకుడు.

మరియొకటి. ప్రతి పిల్లకు ఒక నోటుపుస్తకము కొనియిండు. తేదీ, గుండు బరువు, పడిన దూరము, ఆనాడు దిద్దుకొన్న తప్పు ఏదో ఒక వాక్యము అందులో తెలుగున వ్రాయింపుడు. ఈ నగరమున మన పిల్లలు తెలుగు మాటలాడుదురు గాని, పరీక్షకు తప్ప తెలుగు వ్రాయుట అరుదై పోవుచున్నది. తనకు ప్రియమైన పనిని గూర్చి రోజునకు ఒక్క వాక్యము వ్రాసిన పిల్ల, ఏడాది తిరుగునప్పటికి ఆ భాషను తనదిగా చేసికొనును.

వచ్చే యేడు క్రీడోత్సవమునకు మీరు మరల వత్తురు గదా. అప్పుడు ఒక్క అరగంట ఆ మూలకు రండు. టేపు ఒక కొసను ఉపాధ్యాయుడు పట్టుకొనును. రెండవ కొసను మీరు పట్టుకొనుడు. మీ బిడ్డ విసరిన దూరమును మీ కన్నులతో చదివి, మీ నోటితో చెప్పుడు. అది రెండు మీటర్లైనను సరే, పది మీటర్లైనను సరే.