ఫుట్‌బాల్ ఫిక్చరు: ఒక గుమస్తా ఒప్పుకోలు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండగ రోజు. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షను ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, మన హక్కు అని తీర్పు చెప్పింది. ఇలాంటి రోజున డి.ఎ. బకాయిల గురించి మాట్లాడితే చప్పట్లు బాగా పడతాయి. కానీ కార్యదర్శిగారు నన్ను ఆటల గురించి చెప్పమన్నారు. సర్వీసులో ఉన్న తమ్ముళ్లతో కలిసి మన సంఘం క్రీడోత్సవాలు జరపబోతోంది కదా, అందులో ఫుట్‌బాల్ చూసుకునేవారికి పనికొస్తుందట. నేను ఆటగాణ్ణి కాను. జీవితంలో బంతిని తన్నింది తక్కువ, ఫైళ్లు మోసింది ఎక్కువ. అయినా ఒక తప్పు చేసినవాడిగా మాట్లాడే అర్హత నాకుంది.

విజయనగరం జిల్లా 1979లో ఏర్పడింది. ఆ తరవాత అయిదారేళ్లకు అక్కడ రెండు జిల్లాల ఉద్యోగులకూ మూడు రోజుల ఆటలపోటీలు పెట్టారు. పరుగులు, వాలీబాల్, కబడ్డీ, ఫుట్‌బాల్ అన్నీ ఉన్నాయి. నేను గీతలు తిన్నగా గీస్తానని పేరుండడంతో మా ఆఫీసరుగారు ఫుట్‌బాల్ ఫిక్చరు నాకు అప్పగించారు.

పదకొండు జట్లు వచ్చాయి. నాకౌట్ లెక్క సులువు. ఎన్ని జట్లుంటే అంతకు ఒకటి తక్కువ ఆటలు. అంటే పది. పదకొండుకు పైన పదహారు కాబట్టి అయిదు జట్లకు బై. అవి మొదటి రౌండు ఆడకుండానే ముందుకు పోతాయి. మొదటిరోజు మూడు ఆటలు, రెండోరోజు నాలుగు, మూడోరోజు ఉదయం రెండు సెమీఫైనల్సు, సాయంత్రం ఫైనలు. కాగితం మీద ముత్యాల కోవలా ఉంది.

కానీ ఆట కాగితం మీద జరగదు. మాకిచ్చిన మైదానం ఒకటే. చుట్టూ పరుగుల ట్రాకు, మధ్యలో ఫుట్‌బాల్. ఒక గోలు దగ్గర మావాళ్లు ఆడుతుంటే రెండో గోలు దగ్గర డిస్కస్ విసిరేవాళ్లు వచ్చి నిలబడ్డారు. వాలీబాల్ నుంచి ఒకాయన కోసం మనిషిని పంపితే ఆయన ఫుట్‌బాల్లో గోల్‌కీపరు! పేర్ల జాబితాలు ఏ ఆటకు ఆ ఆటే రాసుకున్నాం తప్ప, ఒకచోట చేర్చి చూసినవాడు లేడు.

ఇక అసలు సంగతి. అయిదు బైలలో నాలుగింటికి చీటీలు తీశాను. అయిదోది చీటీ లేకుండా మా ఆఫీసు జట్టుకు రాసేశాను. ఎవరూ చెప్పలేదు. నేనే రాశాను. మనవాళ్లు కదా అనుకున్నాను.

ఫైనల్‌కు మా జట్టూ, శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒక జట్టూ మిగిలాయి. వాళ్లకు బై రాలేదు. మావాళ్లకు అది మూడో ఆట, వాళ్లకు నాలుగోది. పైగా వాళ్ల జట్టులో బాగా ఆడే అటెండరు ఒకాయన ఆ మధ్యాహ్నమే ఎండలో ఎనిమిది వందల మీటర్లు కూడా పరుగెత్తాడు. ఫైనల్లో ఎవరూ తగలకుండానే ఒక మలుపు దగ్గర ఆయన మోకాలు మడతపడింది. మైదానంలో డాక్టరు లేడు, ఐసు ముక్క లేదు. ఆయన్ని రిక్షాలో పంపించాం. కప్పు మాకే వచ్చింది. చాలా ఏళ్లు మా ఆఫీసు బీరువా మీద ఉండేది.

తరవాత నాకు శ్రీకాకుళం బదిలీ అయింది. చూస్తే ఆయన ఆ ఆఫీసులోనే ఉన్నారు. కుంటుతూ టీ తెచ్చారు. ఒక రోజు ధైర్యం చేసి బై సంగతి చెప్పేశాను. ఆయన నవ్వి, “దానికేటుంది బాబూ, ఆటన్నాక తగల్దా?” అన్నారు. అంతే. ఆయన రిటైరైనప్పుడు పెన్షను కాగితాలు నేనే తయారుచేశాను. గుర్తింపు చిహ్నాలు అనే గడి ఉంటుంది, మీకందరికీ తెలుసు. ‘ఎడమ మోకాలిపై ఆపరేషను మచ్చ’ అని నా చేత్తోనే రాశాను.

1962లో జకార్తా ఆసియా క్రీడల్లో మన జట్టు దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చింది. కోచ్ మన హైదరాబాదు రహీంగారు. తలకు కుట్లతో ఉన్న జర్నైల్ సింగ్‌ను ఆయన ముందువరసలో ఆడిస్తే, ఫైనల్లో ఒక గోలు అతనే కొట్టాడు. ఆ కథ మనం గర్వంగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. కానీ దెబ్బతో ఆడిన ఒక వీరుణ్ణి చూసి, దెబ్బ తగిలేలా ఫిక్చర్లు వేసే హక్కు మనకు రాదు.

పెద్ద క్రీడోత్సవాల్లో ఏం చేస్తారో గమనించండి. 2024 పారిస్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవం జూలై 26న. ఫుట్‌బాల్ 24నే మొదలైంది. ఆటలు ఒక్క పారిస్‌లోనే కాక ఏడు నగరాల్లో పెట్టారు. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల ప్రారంభోత్సవం 2023 సెప్టెంబరు 23న, ఫుట్‌బాల్ మాత్రం 19నే మొదలైంది. ఫుట్‌బాల్ ఆడిన కాళ్లకు మధ్యలో విశ్రాంతి కావాలి, అందుకే రోజులు ఎక్కువ కావాలి. ముందురోజే అక్కడ దిగిన మన జట్టు ఆ 19న చైనా చేతిలో 1-5తో ఓడింది. విశ్రాంతి లేని కాళ్లకు దేశమైనా ఒకటే, తాలూకా ఆఫీసైనా ఒకటే.

కాబట్టి తమ్ముళ్లకు నా మనవి. మిగతా ఆటలకంటే నాలుగు రోజులు ముందే ఫుట్‌బాల్ మొదలుపెట్టండి. ఒక జట్టుకు రోజుకు ఒకటే ఆట. ఆట సమయం తగ్గించాలనుకుంటే ముందే చెప్పి అందరినీ ఒప్పించండి. అన్ని ఆటల పేర్లూ ఒకే రిజిస్టరులో ఎక్కించి, ఒకే మనిషి రెండుచోట్ల ఒకే పూట పడకుండా చూడండి. విసిరే ఆటలకు వేరే వేళ కేటాయించండి. ఐసు, కట్టుగుడ్డలు, ఒక బండి సిద్ధంగా ఉంచండి. అన్నిటికంటే ముఖ్యం, చీటీలు కెప్టెన్లందరి ఎదుటా తీయండి. మీ ఆఫీసు చీటీని మాత్రం వేరేవాళ్లచేత తీయించండి.

ఆ రిజిస్టరు గీతలు గీసే పని ఈ వయసులోనూ నేను చేయగలను. నాకివ్వండి. చీటీలు మాత్రం నా చేతికివ్వకండి.