అప్పు ఇచ్చాం, హోమును చూడలేదు
(సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)



పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, రికవరీ ఎంత అన్నది ఇంతకుముందే చదివారు. మాకిచ్చిన పది నిమిషాల్లో మేం లెక్కల పుస్తకంలోని ఒకే ఒక్క పద్దు గురించి మాట్లాడతాం. 'అత్యవసర అప్పు, వైద్యం, రూ. 40,000' అని రాసుంది. కిస్తీలు ఒక్కటీ తప్పలేదు. రిపోర్టులో అది మంచి అప్పే. మాకు మాత్రం ఆ పద్దు చూసినప్పుడల్లా తల ఎత్తబుద్ధి కాదు.

మన సభ్యురాలే. ఆమె ఒప్పుకున్నాకే చెప్తున్నాం, పేరు మాత్రం చెప్పం. ఆమెకు ఒక చెల్లెలు, మానసిక జబ్బు. ఇంట్లో ఉండేది వాళ్ళిద్దరే. ఆమె నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ప్యాకింగ్ పనికి పొద్దున్నే పోతే చీకటి పడ్డాకే వస్తుంది. మందులు మానేసిన రోజుల్లో చెల్లెలు ఇల్లు వదిలి పోయేది. ఒకసారి ఉప్పల్ రింగ్ రోడ్డు మీద, బస్సుల మధ్యన దొరికింది. ఇంటి ఓనరు ఖాళీ చేయమన్నాడు. ఎర్రగడ్డకు తీసుకుపోతే నెమ్మదించింది, మందులిచ్చి ఇంటికి పంపారు. ఉప్పల్లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే ఎర్రగడ్డ చేరొచ్చు, ఆస్పత్రికి పోవడం కష్టం కాదు. పగలంతా ఆ పిల్లను కనిపెట్టుకుని ఉండేదెవరు? అక్కడే చిక్కొచ్చింది.

అప్పుడు ఎవరో ఒక హోము ఫోన్ నంబరు ఇచ్చారు. నెలకు 12,000, మూడు నెలలది ముందే కట్టాలి. మన సంఘం ఒక్క సాయంత్రంలో తీర్మానం రాసేసింది. జామీను ఎవరు, కిస్తీ ఎంత, ఎన్ని నెలలు, అన్నీ అడిగాం. ఆ హోము ఎక్కడుంది, నడిపేది ఎవరు, డాక్టరు వస్తాడా అని ఒక్కరమూ అడగలేదు. కుట్టు మిషనుకు అప్పిస్తే కొటేషన్ అడుగుతాం, మిషను ఇంటికొచ్చాక ఫోటో కూడా తీసుకుంటాం. మనిషిని పంపేటప్పుడు ఆ పాటి జాగ్రత్త మాకు లేకపోయింది.

మొదటి నెల "అలవాటు పడాలె, రావొద్దు" అన్నారు. రెండో నెల ఫోన్లో మాట్లాడించారు గానీ, పక్కన ఎవరో నిలబడి ఉన్నట్టు పొడిపొడిగా మాట్లాడింది. దసరా ముందు మేమిద్దరం ఆమె వెంట, ముందుగా చెప్పకుండా పోయాం. గేటు దగ్గర అరగంట నిలబెట్టారు. ఆ పిల్ల కిందికి వచ్చింది. గుండు చేసి ఉంది. పేలు పడ్డాయని తీయించామన్నారు. ఒంటి మీద ఎవరిదో నైటీ. చేతులు సబ్బు నీళ్ళకు పగిలి ఉన్నాయి. అక్కను చూసి అన్న మొదటి మాట, "అక్కా, నెలసరి అయితే గుడ్డ పేలిక గూడ ఇయ్యరే" అని. పైకి పోనిమ్మంటే పోనివ్వలేదు. మెట్ల దగ్గర ఇనుప గ్రిల్లు, దానికి బయటి నుంచి తాళం. తాళంచెవి ఆఫీసు గదిలో మేకుకు వేలాడుతోంది.

ఆ రోజే ఇంటికి తెచ్చేశాం. ఆటోలో ఆ పిల్ల తల మీద కొంగు కప్పుకునే కూర్చుంది.

ఆ తర్వాత న్యాయసేవల వాళ్ళను పట్టుకుని చట్టంలో ఏముందో చెప్పించుకున్నాం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2018 మే నుంచి అమల్లో ఉంది. విన్న కొద్దీ ఒళ్ళు జలదరించింది. మేం ఆ మెట్ల కింద చూసినవన్నీ అందులో పేరుపేరునా ఉన్నాయి. బలవంతంగా గుండు చేయకూడదు. సొంత బట్టలు వేసుకోనివ్వాలి. ఆడవాళ్ళకు నెలసరికి కావలసినవి ఇవ్వాలి. పని చేయమని బలవంతపెట్టకూడదు, ఇష్టపడి చేస్తే దానికి డబ్బు ఇవ్వాలి. మనిషిని గొలుసుతో ఏ విధంగానూ కట్టకూడదు. ఒంటరిగా గదిలో పెట్టి తాళం వేయకూడదు. తనకో పక్కవాళ్ళకో అప్పటికప్పుడు ప్రాణం మీదికి వస్తే, వేరే దారి లేకపోతేనే కదలకుండా ఆపొచ్చు. అదీ మానసిక వైద్యుడు ఒప్పుకుని రాతలో పెట్టాలి. సిబ్బంది తక్కువున్నారని కట్టేస్తే కుదరదని చట్టమే చెప్తుంది. రాత్రిపూట ఇరవై మందికి ఒక్క ఆయాను పెట్టే చోట ఏం జరుగుతుందో చట్టం రాసిన వాళ్ళకు తెలుసన్న మాట. ఆ ఆయా కూడా మనలాంటి ఆమే, జీతం మన జీతాల లాంటిదే. ఆమె మీద మాకు కోపం లేదు.

ఈ నిబంధనల వెనక చావులున్నాయి. తమిళనాడులో రామనాథపురం జిల్లా ఎర్వాడిలో 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున ఒక హోము పాక అంటుకుంది. 28 మంది చనిపోయారు. గొలుసులతో కట్టి ఉండడంతో మంటల్లోంచి పారిపోలేకపోయారు. అంత దూరం ఎందుకంటారా? ఈసీఐఎల్ దాటితే వచ్చే నాగారంలో, 2020 జనవరిలో, వృద్ధాశ్రమం పేరుతో నడుస్తున్న చోట నుంచి పోలీసులు డెబ్బై మందికి పైగా బయటకు తెచ్చారు. వాళ్ళలో మానసిక జబ్బున్న వాళ్ళను గొలుసులతో కట్టి ఉంచారు. సర్కారుదైతే భయం లేదనీ అనలేం. 2025 జూన్‌లో ఎర్రగడ్డ ఆస్పత్రిలో తిండి వికటించి పదుల మంది రోగులు జబ్బు పడ్డారని, ఒకరు చనిపోయారని మనమంతా టీవీలో చూశాం.

హోములన్నీ చెడ్డవని మేం అనడం లేదు. ఆ తర్వాత ఉప్పల్, నాచారం చుట్టుపక్కల మరికొన్ని చూసి వచ్చాం. ఒకచోట వంటగదిలోకి రమ్మని వాళ్ళే పిలిచారు. ఇద్దరు ఆడపిల్లలు చిక్కుడుకాయలు ఒలుస్తూ టీవీ సీరియల్ గురించి పోట్లాడుకుంటున్నారు. ఆ పోట్లాట విని మాకు ధైర్యం వచ్చింది.

కాబట్టి ఇకనుంచి ఏం చూడాలంటే, ముందు గోడ మీద రిజిస్ట్రేషన్ కాగితం. వచ్చిన వాళ్ళకు కనపడేలా పెట్టాలని చట్టం. "మాది వృద్ధాశ్రమం, మాకెందుకు" అంటే నమ్మొద్దు. మానసిక జబ్బున్న వాళ్ళను వైద్యం కోసమో సంరక్షణ కోసమో కొన్నాళ్ళయినా పెట్టుకునే చోటుకు అది ఉండాలి. లేకుండా నడిపితే మొదటిసారికి 5,000 నుంచి 50,000 దాకా జరిమానా. 5,000 అంటే ఒక మనిషి నెల ఫీజులో సగం కూడా కాదు, అది మాకు నచ్చలేదు గానీ చట్టం అంతే. తర్వాత పడుకునే గదికి పోయి తలుపు గడియ లోపలుందా, బయటుందా చూడండి. నిప్పు అంటుకుంటే రెండో దారి ఏదని అడగండి. బాత్రూముకు లోపల గడియ ఉందా చూడండి. మందులు ఎవరు ఇస్తారు, ఎక్కడ రాస్తారు అనేది మరీ ముఖ్యం. లిథియం బిళ్ళలు వాడే వాళ్ళకు అప్పుడప్పుడు రక్త పరీక్ష చేయించాలి. మన ఎండల్లో ఒంట్లో నీళ్ళు తగ్గితే ఆ మందే విషమయ్యే ప్రమాదం ఉంది. వేసవిలో నీళ్ళ కుండ ఎక్కడుందన్నది కూడా వైద్యం ప్రశ్నే.

ఇంకోటి. బ్యాంకు ఖాతాకు నామినీని రాస్తాం కదా, అలాగే జబ్బున్న మనిషి తన తరఫున మాట్లాడేందుకు ఒకరిని తెల్లకాగితం మీద రాసి, సంతకమో వేలిముద్రో పెట్టి నియమించుకోవచ్చు. హోములో ఎప్పుడు కట్టేసినా, విడిగా ఉంచినా 24 గంటల్లో ఆ ప్రతినిధికి చెప్పాలి. ఆ కాగితం మనిషి నెమ్మదిగా ఉన్న రోజుల్లోనే రాయించండి. తేడా కనిపిస్తే మానసిక ఆరోగ్య సమీక్షా మండలికి ఫిర్యాదు చేయొచ్చు. న్యాయసాయం ఉచితం, 15100కు ఫోన్ చేయండి. ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే టెలీ మానస్, 14416.

ఆ చెల్లెలు ఇప్పుడు ఇంట్లోనే ఉంది. జుట్టు చెవుల దాకా వచ్చింది. సదరం సర్టిఫికెట్ అయింది, పింఛను 4,016 వస్తోంది. పగలు పక్కింటి ఇద్దరు సభ్యులు వంతులేసుకుని చూస్తున్నారు. అంతా బాగైపోయిందని చెప్పలేం. ఉగాది వెనక మళ్ళీ రెండు వారాలు నిద్రపోలేదు. ఆమె అక్క మమ్మల్ని అడిగింది: "మళ్ళీ హోముకు పంపాల్సొస్తే ఈసారి మీరు ముందు చూసి చెప్తరా?"

చూస్తామని మాట ఇచ్చాం. అందుకే ఈ తీర్మానం మీ ముందు పెడుతున్నాం. హోములో చేర్పించడానికి అప్పు అడిగితే, డబ్బు ఇచ్చే ముందు ఇద్దరు సభ్యులు ఆ చోటు చూసి రావాలి. చేర్పించాక నెలకొకసారి, చెప్పకుండా పోవాలి. బస్సు మనకు ఉచితమే, ఖర్చు లేదు. ఉప్పల్ వైపు ముగ్గురు ఒప్పుకున్నారు. నాచారం, మల్లాపూర్ నుంచి ఇంకా ఎవరూ పేర్లు ఇవ్వలేదు. భోజనాలకు లేచే ముందు ఇచ్చి పోండి.