బరువుబండి నిర్మాణము – నిర్మాత బాధ్యత
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



చిరకాలము సంస్కృతపాఠములు చెప్పుకొనిన మేము ఏ కావ్యమును గూర్చియో ప్రసంగింతుమని మీలో పలువురు తలచియుందురు. మేము ఎన్నుకొన్న విషయము కావ్యము గాదు, బండి. పెద్ద యంత్రములను, వాహనములను వీపుపై మోసికొనిపోవు బరువు ట్రైలరు. చైన్లపై నడచు వరికోత మిషనును గాని, పొక్లెయినరును గాని తారురోడ్డుపై దూరము నడిపించుటకు వీలులేదు. కావున కృష్ణా గోదావరీ మండలములలో కోతకాలము వచ్చినదనగా ఇట్టి బండ్లకు గిరాకి హెచ్చును. కొలిమి, బాడిస పట్టిన వంశములలోని మన యువకులనేకులు నేడు వెల్డింగు షెడ్లు వేసికొని వీనిని స్వయముగా నిర్మించుచున్నారు. ఇది మనకు సంతోషకారణము. ఐనను ఈ సంతోషముతోపాటు ఒక బాధ్యతయు వచ్చినది. దానిని గూర్చియే మా మనవి.

రథనిర్మాణము మన దేశమున కడు ప్రాచీనము. ఇరుసు చివర దిగగొట్టు చీలకు ‘ఆణి’ యను పేరు ఋగ్వేదమునందే కలదు. శ్రీరుద్రనమకమున తక్షులకును రథకారులకును నమస్సులు చెప్పబడినవి. పూర్వమీమాంసయందు షష్ఠాధ్యాయమున రథకారుని యగ్న్యాధానాధికారమును గూర్చి ప్రత్యేకముగా నొక యధికరణమే యున్నది. ఇంతటి గౌరవమేల? రథమెక్కినవాడు తన ప్రాణమును రథకారుని చేతిలో పెట్టుచున్నాడు గనుక నని మా యభిప్రాయము. నేటి రహదారిపై బండి తోలువాడే కాదు, ఎదురుగా వచ్చు బాటసారియు తన ప్రాణమును మన చేతిలోనే పెట్టుచున్నాడు.

ఇక విషయమునకు వత్తము. బండికి మొదటిది బరువు నిలుచు చోటు. ఎద్దుబండికి వెనుక బరువైనచో కాడి పైకి లేచి యెద్దు మెడ బిగియునని మన పెద్దలెల్లరు నెఱుగుదురు. ట్రైలరునకును న్యాయమొక్కటే. మొత్తము బరువులో నూటికి 10 మొదలు 15 వంతుల వఱకు ముందరి కొక్కెముపై నుండవలెను. కొక్కెమునుండి ఇరుసుల నడిమికి 5 మీటర్ల దూరమున్నదనుకొందము. 7,500 కిలోల యంత్రమును దాని భారకేంద్రము కొక్కెమునకు 4.4 మీటర్ల దూరమున నుండునట్లు నిలిపినచో, బండి స్వంత బరువును విడిచి లెక్కించినను, కొక్కెముపై 900 కిలోలు పడును. ఇది నూటికి 12 వంతులు. అదే యంత్రమును 80 సెంటీమీటర్లు వెనుకకు జరిపినచో 900 కిలోల యదుము పోవుటయే గాక, 300 కిలోల బలముతో కొక్కెము పైకి లేచును. అట్టి బండి వేగమందుకొనగానే పాము తోకవలె నిరుప్రక్కల నాడును. రెండడుగుల పైచిలుకు తేడా ఇంత పని చేయును! కావున యంత్రము చక్రములు నిలువవలసిన చోట బల్లపై చెఱగని గుర్తు పెట్టుడు. వాలుబల్లపై యంత్రమెక్కునపుడు భారము ఇరుసునకు వెనుక నుండక తప్పదు గనుక, తోకక్రింద రెండు గట్టి ఊతకాళ్లు తప్పక యుండవలెను.

రెండవది దూలము. వడ్రంగికి క్రొత్త మాట కాదు: దూలమును అడ్డముగా పండబెట్టినదానికంటె నిలువుగా నిలిపినపుడు బలమెక్కువ. వెడల్పు మాఱక లోతు రెట్టింపైనచో విఱుగకుండు బలము నాలుగు రెట్లును, వంగకుండు బిగువు ఎనిమిది రెట్లును అగును. కావున ఇనుము బరువు పెంచుటకంటె దూలము లోతు పెంచుట మేలు. మంచి చానెలును కొని దానిని చెఱుపువారును గలరు. బరువునకు సాగు పట్టీకి అడ్డముగా వెల్డింగు గీత దించరాదు. ఆ పట్టీకి రంధ్రము తొలువరాదు. రంధ్రము తప్పనిసరియైనచో నిలువు రేకు నడిమి భాగమున తొలువుడు. అచ్చట లాగుడు తక్కువ. 7018 రకపు వెల్డింగు కడ్డీలు గట్టివే గాని, తేమ తగిలినచో అతుకులో కంటికి కానరాని బీటలు పుట్టవచ్చును. వానిని వేడిపెట్టెలో పొడిగా నుంచవలెను. పైకి నున్నగా మెఱయు అతుకెల్ల మంచి అతుకు గాదు.

మూడవది బ్రేకు. మేము ఎక్కువగా భయపడునది ఇచ్చటనే. వేగము రెట్టింపైనచో ఆపవలసిన శక్తి నాలుగు రెట్లగును. గంటకు 30 కిలోమీటర్ల వేగమున లాగెడు వాహనము బ్రేకుతోనే ఆగిన బండి, 60 కిలోమీటర్ల వేగమున ఆగక, ముందరి వాహనమును ప్రక్కకు నెట్టి మడత పడును. బరువుబండికి తన బ్రేకు తనకుండవలెను. రెండు గొట్టముల గాలిబ్రేకు ఉత్తమము. బండి తెగిపోయి గాలి పోయినచో బ్రేకు తనంత తానే పడును. కొక్కెమునకు తోడు రెండు కాపుగొలుసులు క్రిందుగా అడ్డదిడ్డముగా వేయవలెను. దశరథుని రథచక్రము చీల యూడగా కైక తన వ్రేలు నుంచి కాపాడెనని జనులు చెప్పుకొందురు. మన బండికి వ్రేలుంచు కైక యెవ్వరు? చీలకు తాళపుపిన్ను, వెనుక ఎఱ్ఱదీపములు, మెఱయు పట్టీలు ఇవియే మన కైకలు. దీపము లేని బండి రాత్రివేళ దారిలో నిలిచినచో అది బండి గాదు, గోడ.

నాల్గవది చట్టము. 1988వ సంవత్సరపు మోటారు వాహనచట్టమున మోటారు వాహనమను మాటలోనే ట్రైలరును చేర్చినారు. రిజిస్ట్రేషను లేనిదే అది రోడ్డెక్కరాదు. 1989 నాటి కేంద్ర నిబంధనలననుసరించి నిర్మాత తన నమూనాను పూణేలోని ఏ.ఆర్.ఏ.ఐ. వంటి గుర్తింపు పొందిన సంస్థచే పరీక్షింపజేసి యనుమతి పొందవలెను. “ఒంటి షెడ్డువాడు ఇంత వ్యయము నెట్లు భరించును?” అని యువకులు మమ్ముల నడుగుచున్నారు. న్యాయమైన ప్రశ్నయే. అనుమతి లేని బండి ప్రమాదమున చిక్కినచో భీమా సొమ్ము మాట దేవుడెఱుగు, కట్టినవాని షెడ్డును, కొన్నవాని పొలమును కోర్టు పాలగును.

కావున ఈ మహాసభవారికి మా సూచన యిది. పదిమంది షెడ్లవారు సహకారసంఘముగా నేర్పడవలెను. చదువుకొనిన మన ఇంజనీర్లచే ఒక్క మంచి నమూనా గీయించి, ఆ సంఘము పేర దానికే అనుమతి పొందవలెను. పిదప అందఱును సంఘము పేర, ఆ కొలతలకు వెండ్రుకవాసి తప్పక నిర్మింపవలెను. పరీక్షావ్యయమునకు పోషకమహాశయులు మూలధనము సమకూర్తురు గాక. సత్రములు కట్టించిన చేతులకు ఇది పెద్ద భారము గాదు. ఈ ధనముతో ప్రాణములు నిలుచును, వృత్తియు నిలుచును.

యంత్రములు గల ఆసాములకు కూడ ఒక మాట. “బ్రేకు తీసివేసి ధర తగ్గింపు”మని బేరమాడకుడు. అట్లడిగినవానికి “ఆ బండి మా కొలిమిలో పుట్టదు” అని చెప్పు ధైర్యము మన యువకులకు గలుగుగాక. గిరాకి ఒకటి పోయినను పేరు నిలుచును.

 మనవారు కట్టిన ప్రతి బండియు క్షేమముగా పోయి క్షేమముగా మఱలునట్లు సర్వేశ్వరుడు అనుగ్రహించుగాక! స్వస్తి.