చేలో పురుగు పడితే ముందు ఎవర్ని అడుగుతాం?

ఈ ఎపిసోడ్‌లో ఒక్క ప్రశ్న మీదే మాట్లాడుకుందాం. చేలో ఏదో పురుగు కనిపించింది. ఆకు ముడుచుకుపోతోంది, పూత రాలిపోతోంది. మీ నాన్నగారో, మామయ్యో ముందు ఎవర్ని అడుగుతారు?

చాలా ఊళ్లలో సమాధానం ఒకటే. ఒక ఆకు తుంచి జేబులో పెట్టుకుని మందుల షాపుకి వెళ్తారు. ఇప్పుడైతే ఫొటో తీసి షాపాయన వాట్సాప్‌కి పంపుతారు. ఆయన చూసి రెండు డబ్బాలు, ఒక ప్యాకెట్టు బల్ల మీద పెడతాడు. ట్యాంకుకి ఎంత కలపాలో చెప్తాడు. డబ్బులు తర్వాత ఇవ్వొచ్చులే అని ఖాతాలో రాసుకుంటాడు.

షాపాయన్ని విలన్ చెయ్యడానికి ఇది చెప్పడం లేదు. రాత్రి ఎనిమిదింటికి కూడా తెరిచి ఉండేది ఆయన షాపే. అప్పిచ్చేదీ ఆయనే. మీ చేను ఎక్కడుందో, పోయినేడు ఏం వేశారో కూడా ఆయనకి తెలుసు. ఏ ఆఫీసూ రైతుకి అంత దగ్గరగా ఉండదు. చిక్కల్లా ఏంటంటే, ఆయన ఇచ్చే సలహా ఎప్పుడూ సీసాలోనే రావాలి. "ఈ వారం ఏమీ కొట్టకు, ఊరుకో" అని చెప్తే ఆయనకి ఆ రోజు బేరం లేదు కదా.

2021-22 మిరప సీజన్ గుర్తుందా? గుంటూరు, ప్రకాశం, ఖమ్మం, వరంగల్ వైపు వాళ్లకి బాగా గుర్తుంటుంది. నల్ల తామర పురుగు వచ్చింది. ఇది పువ్వులో దూరి కూర్చుంటుంది, పూత రాలిపోతుంది, కాయ పడదు. మన రైతులకి తెలిసిన పాత తామర పురుగు లాంటిది కాదు. 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద మన దేశంలో మొదటిసారి కనిపించిన రకం. రైతులు మందు మీద మందు కొట్టారు. తగ్గలేదు. రెండు మూడు మందులు కలిపి కొట్టారు. అయినా తగ్గలేదు. చివరికి పచ్చటి చెట్లు పీకేసినవాళ్లున్నారు, చేను దున్నేసినవాళ్లున్నారు.

శాస్త్రవేత్తలు అప్పుడు చెప్పిందేంటి? విచక్షణ లేకుండా కొట్టొద్దు, ఈ పురుగుని తినే మిత్ర పురుగులు ముందు చచ్చిపోతున్నాయి, ఇది మాత్రం మళ్లీ పెరుగుతోంది అన్నారు. నీలి రంగు జిగురు అట్టలు పెట్టమన్నారు, ఎందుకంటే తామర పురుగులు నీలం రంగుకి వస్తాయి. వేప మందులు వాడమన్నారు. ఇవన్నీ తప్పేం కాదు. కానీ ఆ మాట చేను దగ్గరికి చేరే లోపల రైతు నాలుగైదు సార్లు మందు కొట్టేశాడు. షాపు మాట ముందు చేరింది, సైన్సు మాట వెనకబడింది.

ఎందుకు వెనకబడుతుంది? నా ఉద్దేశం చెప్తాను. మన పరిశోధనా కేంద్రాల నుంచి వచ్చిన ప్రతిదీ వెనకబడలేదు. బీపీటీ 5204 చూడండి. సాంబ మసూరి అంటాం. బాపట్లలో తయారై 1986లో విడుదలైంది. ఆ వడ్లు రాష్ట్రాలు దాటి వెళ్లాయి. దాన్ని పాకించడానికి ఎవరూ మీటింగులు పెట్టి బతిమాలక్కర్లేదు. పక్క చేలో వెన్ను కనిపిస్తుంది, బియ్యం రుచి తెలుస్తుంది, ఒక బస్తా అడిగి తెచ్చుకుంటాడు. విత్తనం తనంతట తనే నడుస్తుంది. సీసా కూడా అంతే, దాని వెనక కమీషన్ ఉంటుంది కాబట్టి నడుస్తుంది. కానీ "కొట్టకు", "ఆగు", "గట్టు మీద ఆముదం వెయ్యి", "అందరూ ఒకే రోజు చెయ్యండి" లాంటి మాటలు ఉన్నాయి చూశారా, వీటికి కాళ్లు లేవు. అమ్మేవాడు లేడు. పక్క చేలోంచి చూస్తే కనిపించవు కూడా. వీటిని మోసుకెళ్లడానికి మనుషులు కావాలి.

దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఎర్ర గొంగళి పురుగు. మహబూబ్‌నగర్, నల్గొండ మెట్ట పొలాల్లో ఆముదం మీద, ఇతర చోట్ల వేరుశనగ మీద పడుతుంది. దీని కోశస్థ దశ నేలలో దాక్కుని ఉంటుంది. తొలకరి పెద్ద వాన పడ్డాక రెక్కల పురుగులు ఒక్కసారిగా బయటికొస్తాయి, గుడ్లు పెడతాయి. గొంగళ్లు కాస్త పెద్దయ్యాక దండులా ఒక చేను తినేసి పక్క చేలోకి నడుస్తాయి. ఒళ్లంతా వెంట్రుకలు, మందు సరిగా అంటదు.

మరేం చెయ్యాలి? వాన పడిన ఆ నాలుగైదు రాత్రులు పొలాల్లో మంటలు వెయ్యాలి, దీపపు ఎరలు పెట్టాలి. వెలుగుకి రెక్కల పురుగులు వచ్చి పడతాయి. తర్వాత మిగిలిన గొంగళ్లు దాటకుండా చేను చుట్టూ చిన్న కాలువ తవ్వి జిల్లేడు ఆకులు, అడవి ఆముదం ఆకులు వెయ్యాలి. ఖర్చు దాదాపు సున్నా. కానీ ఒక్కడు చేస్తే ఏమవుతుంది? ఊళ్లో పురుగులన్నీ అతని చేలోకే వస్తాయి! ఊరంతా అదే రాత్రి వేస్తేనే పని జరుగుతుంది. అంటే ఇక్కడ మంట కంటే ముఖ్యమైంది, ఊరంతా ఒక మాట మీదకి రావడం. 1980ల చివర్లో స్వచ్ఛంద సంస్థలు, కొందరు శాస్త్రవేత్తలు కలిసి తెలంగాణ మెట్ట గ్రామాల్లో ఈ పని మొదలుపెట్టారు. తర్వాత మనం పురుగుమందులు లేని సాగు అని పిలిచిన దానికి మూలం అక్కడుంది.

ఆ దారిలోనే పునుకుల. అప్పటి ఖమ్మం జిల్లా, పాల్వంచ మండలం. 1990ల చివరికి పత్తి, మందులు, అప్పులు, అన్నీ తెలిసిన కథే. 1999లో సెక్యూర్ అనే సంస్థ అక్కడ పని మొదలుపెట్టింది. మొదట చాలామంది నమ్మలేదు. మందు కొట్టకుండా పత్తా అన్నారు. ఒకరిద్దరు చేసి చూపించాక, వాళ్ల ఖర్చు తగ్గడం పక్కవాళ్లు చూశాక, మెల్లగా మిగిలినవాళ్లు వచ్చారు. కానీ అసలు కథ ఆడవాళ్లది. ట్యాంకు కొట్టిన రోజు ఇంట్లో ఎవరికి తల తిరిగిందో, ఎవరికి వాంతులయ్యాయో వాళ్లకే కదా ముందు తెలిసేది. మహిళా సంఘాలు పట్టుబట్టాయి. వేప గింజలు ఏరారు, పొడి చేసే యంత్రం పెట్టుకున్నారు, అదొక ఉపాధి అయింది. 2003-04 ప్రాంతంలో పంచాయతీయే మా ఊళ్లో పురుగుమందులు వద్దని తీర్మానం చేసింది.

వేప కషాయం సంగతే తీసుకోండి. 5 కిలోల వేప పప్పు పొడిని రాత్రంతా నానబెట్టి, వడకట్టి, 100 లీటర్ల నీళ్లకి సరిపెట్టి, కొంచెం సబ్బు పొడి కలిపి సాయంత్రం పూట కొట్టాలి. తయారు చేసిన రోజే వాడెయ్యాలి, నిలవ ఉండదు. నిలవ ఉండని సరుకుని ఏ షాపు అమ్ముతుంది చెప్పండి? అందుకే సంఘం కావాల్సి వచ్చింది.

2004-05 నుంచి అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో పేదరిక నిర్మూలన సంస్థ సెర్ప్ దీన్ని మహిళా సంఘాల ద్వారా వేరే జిల్లాలకి తీసుకెళ్లింది. 2016 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయం పేరుతో నడుపుతోంది, 2024లో దానికి పోర్చుగల్‌లో ఇచ్చే గుల్బెంకియన్ బహుమతి కూడా ఇంకో ఇద్దరితో కలిపి వచ్చింది. బహుమతుల సంగతి పక్కన పెడదాం. ఇందులో నాకు గట్టిగా అనిపించే విషయం సీఆర్పీలు. అంటే తన చేలో చేసి నిలబడిన రైతే పక్క ఊరికి వెళ్లి, అక్కడే ఉండి నేర్పడం. "నువ్వు చేశావా?" అని అడిగితే "చేశాను, రా చూపిస్తా" అనగలదు ఆ అక్క. ఉద్యోగి ఎంత మంచివాడైనా ఆ మాట అనలేడు. తెలంగాణలో 5,000 ఎకరాలకి ఒక ఏఈఓ. పంటల నమోదు, సర్వేలు, పథకాల పనులన్నీ ఆయన నెత్తి మీదే. ఆయన మీ చేలో ఎన్నిసార్లు నడుస్తాడు?

అన్నీ వేపతో తీరిపోతాయని నేను అనను. కొన్నిసార్లు మందు కొట్టక తప్పదు. ప్రకృతి సాగులో దిగుబడి మీద ఇంకా వాదనలున్నాయి, ఉండాలి కూడా. ఇంకో మాట, ఈ సమావేశాలకి పట్టాదారుని పిలుస్తారు గానీ కౌలు రైతుని పిలవడం మర్చిపోతారు. చేలో ఉన్నది మాత్రం ఆయనే!

ఇప్పుడు మీ చేతిలో ఉన్న ఫోన్ సంగతికి వద్దాం. డిజిటల్ గ్రీన్ అని ఒక సంస్థ ఉంది, 2006లో బెంగళూరులో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో ప్రాజెక్టుగా మొదలైంది. ఊళ్లో రైతులతోనే చిన్న వీడియోలు తీసి, ఆ చుట్టుపక్కల రైతులకే చూపించేవాళ్లు. వాళ్లు గమనించిందేంటో తెలుసా? వీడియో చూసినవాళ్లు మొదట అడిగే ప్రశ్న పద్ధతి గురించి కాదట. "ఈ రైతు పేరేంటి? ఏ ఊరు?" అని అడుగుతారట. మనవాడేనా, మన నేలలాంటి నేలేనా అని.

యూట్యూబ్‌లో ఎకరానికి లక్షల లాభం అని థంబ్‌నెయిల్ చూస్తే మీరూ అదే అడగండి. ఏ ఊరు? ఏ నేల, నల్లరేగడా, చల్కా? బోరుందా? చివర్లో ఏదైనా ప్రొడక్ట్ నంబర్ ఇస్తున్నాడా? ఇస్తే, అది కూడా మందుల షాపే, కాకపోతే మీ జేబులో ఉంది.

మీ ఊరి కుర్రాళ్లు ఒక గ్రూపు పెట్టండి, గుడ్ మార్నింగులు లేకుండా. పురుగు కనిపిస్తే ఆకు పైభాగం, అడుగుభాగం రెండు ఫొటోలు. పంట వయసు ఎన్ని రోజులు, ఇప్పటిదాకా ఏం కొట్టారు, పక్క చేలల్లో ఉందా లేదా, ఇవి రాయండి. మీ ఏఈఓని గానీ, ఆంధ్రాలో అయితే గ్రామ వ్యవసాయ సహాయకుణ్ని గానీ, దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రం వాళ్లని గానీ అందులో ఉండమని అడగండి. ప్రకృతి సాగు చేసే ఒక అక్కని తప్పకుండా చేర్చండి. వెంటనే ఎవరూ దొరక్కపోతే కిసాన్ కాల్ సెంటర్ ఉంది, 1800-180-1551. ఉదయం ఆరు నుంచి రాత్రి పది దాకా, తెలుగులోనే మాట్లాడతారు. షాపుకి వెళ్లే ముందు ఆ ఒక్క ఫోన్ చెయ్యమని నాన్నగారికి నంబర్ సేవ్ చేసి పెట్టండి.

ఈ ఖరీఫ్‌లో మీ ఊళ్లో మొదట కనిపించిన పురుగేంటి, ముందు ఎవర్ని అడిగారు? ఊరి పేరుతో సహా రాయండి.