బుజ్‌దిల్ ఎవరు?

 

మన ఇళ్లలో పిల్లవాడు చీకటికి జడిస్తే "బుజ్‌దిల్" అంటాం. ఇది ఫారసీ మాట. బుజ్ అంటే మేక, దిల్ అంటే గుండె. మేక గుండె గలవాడని అర్థం. ఉర్దూలో కలిసి మన నెల్లూరు ఇళ్లదాకా వచ్చింది. తెలుగులో పిరికిపంద అంటాం. పాత తెలుగులో పంద అన్నా పిరికివాడే.

మరి భయపడిన ప్రతివాడూ బుజ్‌దిలేనా? 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపానును మన పెద్దలు మరచిపోలేదు. ఈ తీరంలో హెచ్చరిక వినగానే బిడ్డలను ఎత్తుకుని తుపాను షెల్టరుకు నడిచే తల్లిది పిరికితనం కాదు, జాగ్రత్త. "దైవభీతి" అని మనం చెప్పుకునే తఖ్వాకు కూడా అరబ్బీ ధాతువులో కాపాడుకోవడం అనే అర్థముంది.

అరబ్బీలో పిరికితనం "జుబ్న్", పిసినారితనం "బుఖ్ల్". మన ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) నేర్పిన ఒక దుఆలో ఈ రెండింటి నుంచీ పక్కపక్కనే శరణు కోరతాం. రెండూ చుట్టాలే. "రేపు నాకు లేకపోతే?" అన్న భయమే పిడికిలి బిగిస్తుంది.

ఆ భయం మాకూ తెలుసు. వానల ముందు బియ్యం, దుప్పట్లు కొనిపెట్టాలంటే సొసైటీ పెట్టె చూసుకుని వెనకాడిన సందర్భాలున్నాయి. మీరు ముందుకొచ్చి ఇచ్చాకే మాకు ధైర్యం వచ్చింది.

భయం అందరికీ ఉంటుంది. అది మనల్ని షెల్టరుకు నడిపిస్తే మంచిదే. ఇచ్చే చేతిని పట్టుకుంటే మాత్రం అదే బుజ్‌దిలీ. అల్లాహ్ మనందరినీ దాని నుంచి కాపాడుగాక. ఆమీన్.