ఇంటి కంప్యూటరునకు డిస్కు డ్రైవు

(చింతలపూడి ప్రాంత గ్రామ పంచాయతీల సభ్యుల నుద్దేశించిన ప్రసంగ పాఠము)



మీ ఇండ్లలో బీరువా పై అరలోనో, టీవీ క్రింది సొరుగులోనో కొన్ని డిస్కులు తప్పక ఉండును. పెద్దమ్మాయి వివాహము, తాతగారి షష్టిపూర్తి, రామాలయములో శ్రీరామనవమి కల్యాణము—వీనిని ఫోటో స్టూడియోవారు మొదట సి.డి.లలోను, పిదప డి.వి.డి.లలోను ఇచ్చెడివారు. నాటి పెండ్లిలో మంగళహారతి పాడిన నాయనమ్మ నేడు లేకపోవచ్చును. ఆమె కంఠస్వరము ఆ డిస్కులో మాత్రమే నిలిచియున్నది. కాని పిల్లల చదువునకై క్రొత్తగా కొన్న ల్యాప్‌టాపులో డిస్కు పెట్టుటకు చోటే లేదు! పంచాయతీ కార్యాలయములోను అంతే. ఏనాటి అంచనా పత్రమో, పటమో డిస్కులో ఉన్నచో, తెరచు సాధనము లేక అది ఉండియు లేనట్లే. కావున ఈ సాధనమును ఎట్లు ఎన్నుకొనవలెనో నాలుగు మాటలు మనవి చేయుచున్నాము.

డిస్కులు మూడు రకములు. సి.డి.లో 700 మెగాబైట్లు, ఒకే పొర గల డి.వి.డి.లో 4.7 గిగాబైట్లు, ఒకే పొర గల బ్లూరేలో 25 గిగాబైట్లు పట్టును. మూడింటి వ్యాసము 12 సెంటీమీటర్లే. గుర్తులు ఎంత సన్నముగా ఉన్నచో అంత ఎక్కువ పట్టును. వానిని చదువు లేసరు కిరణము కూడ అంత సన్నముగా ఉండవలెను. డి.వి.డి. డ్రైవు సి.డి.ని కూడ చదువును గాని బ్లూరేను చదువజాలదు. బ్లూరే డ్రైవు సాధారణముగా మూడింటిని చదువును. వెల మాత్రము హెచ్చు.

మన ఇండ్లలో ఉన్నవి సి.డి., డి.వి.డి.లే కనుక డి.వి.డి. రైటరు చాలును. బ్లూరే డిస్కులు ఉన్నవారే బ్లూరే డ్రైవును గూర్చి ఆలోచింపవలెను. 2025 ఫిబ్రవరిలో సోనీ సంస్థ తాను తయారుచేయు రికార్డింగు బ్లూరే డిస్కుల ఉత్పత్తిని నిలిపివేసినది. ఈ సరుకు బజారులో తగ్గుచున్నదే గాని పెరుగుట లేదు.

ల్యాప్‌టాపు గలవారు యు.ఎస్.బి. తీగతో బయట తగిలించు రకమును కొనవలెను. తీగ కొన మీ ల్యాప్‌టాపు రంధ్రమునకు సరిపోవునో లేదో ముందుగా చూచుకొనుడు. ఇది విద్యుత్తును కూడ ఆ రంధ్రము నుండియే తీసికొనును. కావున నడుమ వేరొక సాధనము లేకుండ నేరుగా తగిలింపవలెను. బల్లపై ఉండు పెద్ద కంప్యూటరులో చోటున్నచో లోపల అమర్చు రకము కొనవచ్చును. పెట్టెపై 24ఎక్స్, 8ఎక్స్ అని వేగములు ముద్రించియుండును. మొదటిది సి.డి.కి, రెండవది డి.వి.డి.కి. ఇవి మనకు చాలును. ఇంతకు మించిన వేగమునకై డబ్బు పోయుట వృథా.

ఎద్దును కొనునపుడు పళ్ళు చూచి, నడిపించి చూతుము గదా! డ్రైవును కూడ అట్లే పరీక్షింపవలెను. అంగడికి పోవునపుడు ఇంటిలోని పాత పెండ్లి సి.డి. ఒకటి, డి.వి.డి. ఒకటి వెంట తీసికొనిపొండు. రెండును మొదటినుండి చివరివరకు తెరచునో లేదో చూడుడు. ఒక ఖాళీ డిస్కుపై వ్రాయించి, దానిని తిరిగి చదివించుడు. రసీదు, గ్యారంటీ కాగితము లేనిదే డబ్బు చెల్లింపవలదు.

ఇక డిస్కుల సంగతి. స్టూడియోలో వ్రాసిన డిస్కునందు సమాచారము రంగు పొరపై నిలుచును. ఎండ, వేడి, తేమ దానికి శత్రువులు. కొల్లేటి లంకలలో తేమ, మన మెట్టలో వేసవి ఎండ—రెండును దానికి కీడే. సి.డి. అడుగు భాగమునే కాపాడవలెనని చాలమంది భావింతురు. నిజమునకు పేరు వ్రాయు పైభాగమే మిక్కిలి సుకుమారము; అచట బాల్‌పెన్నుతో గట్టిగా వ్రాసినచో లోపలి పొర చెడును. దుమ్ము తుడుచునపుడు మెత్తని గుడ్డతో నడుమనుండి అంచునకు తిన్నగా తుడువవలెను, చుట్టును త్రిప్పరాదు.

డ్రైవు కొన్ననాడే డిస్కులన్నిటిని కంప్యూటరులోనికి ఎక్కించి, మరొక నకలును వేరొక హార్డ్‌డిస్కులో ఉంచుడు. ఒక్క పెన్‌డ్రైవును మాత్రమే నమ్ముట మంచిది కాదు. నకలు తెరచి చూచిన పిమ్మట కూడ పాత డిస్కును పారవేయకుడు.

సభ్యులారా, ఇంటికొక డ్రైవు అక్కరలేదు. వీధికొకటి ఉన్నను పని జరుగును. పది ఇండ్లవారు కలసి కొన్నచో భారము స్వల్పము. ముందుగా మీ కార్యాలయపు బీరువాలోని డిస్కులను లెక్కించి జాబితా వ్రాయించుడు. పిదప గ్రామసభలో ఈ మాట చెప్పుడు. పాడైన రోడ్డును మరల వేసికొనవచ్చును. చెడిన డిస్కులోని నాయనమ్మ పాటను మరల పాడించుట ఎవరి తరము?