లెక్క తేలని గడి



తెలుగులో వైజ్ఞానిక రచన గురించి మాట్లాడమని ఈ భిలాయి సదస్సు నిర్వాహకులు అడిగారు. ఆ రచన చరిత్ర అంతా ఇక్కడ ఏకరువు పెట్టను. వసంతరావు వెంకటరావుగారు ఏం చేశారో, మహీధర నళినీమోహన్‌గారు ఏం చేశారో, ట్రాంబేలో అణుశాస్త్రం చూసుకుంటూనే కొడవటిగంటి రోహిణీప్రసాద్‌గారు మనకు ఎంత రాసిపెట్టారో ఈ సభకు తెలుసు. నా ఉద్యోగమంతా కొలిముల వేడి లెక్క కట్టడంలో గడిచింది. డ్యూటీ దిగాక గడిపిన సాయంత్రాలు నీళ్ళతో నడిచే బండ్ల మీద, అయస్కాంతాల చక్రాల మీద, కోల్డ్ ఫ్యూజన్ మీద వాదనల్లో పోయాయి. ఆ వాదనలు మన భాషలో ఏళ్ళ తరబడి ఎందుకు తేలడం లేదన్నదే నా ప్రశ్న. ఈ పూట దాన్నే పట్టుకుంటాను. మిగతా అంశాలకు న్యాయం జరగకపోతే మన్నించండి.

బ్లాస్ట్ ఫర్నేస్‌లో పనిచేసినవాళ్ళు ఈ సభలో చాలామంది ఉన్నారు. హీట్ బ్యాలెన్స్ ఎలా రాస్తామో మీకు తెలుసు. ఒక పక్క కోక్ ఇచ్చిన వేడి, స్టవ్‌ల నుంచి వచ్చిన గాలి వేడి. ఇంకో పక్క కరిగిన ఇనుము పట్టుకుపోయింది, స్లాగ్ పట్టుకుపోయింది, పైనుంచి గ్యాసు పట్టుకుపోయింది, కూలింగ్ నీళ్ళు పట్టుకుపోయింది. రెండు పక్కలూ ఎప్పుడూ సరిగ్గా సరిపోవు. సరిపోని కాస్తను చివరి గడిలో ‘లెక్క తేలని నష్టం’ అని రాసి సంతకం పెట్టేస్తాం. నా వాదన అంతా ఆ చివరి గడి గురించే. మనకు అందులో ఎప్పుడూ నష్టమే కనిపిస్తుంది కాబట్టి ఎవరూ ప్రశ్నించరు. ఇంటి వసారాలో యంత్రం కట్టిన ఔత్సాహికుడికి అదే గడిలో లాభం కనిపిస్తుంది. అప్పుడు సగం ఊరు చప్పట్లు కొడుతుంది, సగం ఊరు నవ్వుతుంది. ఆ గడిలో ఏముందో తవ్వి చూసేవాడు రెండు పక్కలా ఉండడు.

నవ్వేవాళ్ళ గురించి ముందు చెబుతాను, ఎందుకంటే నేను వాళ్ళలో ఒకడిని. శక్తి నిత్యత్వ నియమాన్ని ఒకసారి వల్లించేస్తే పని అయిపోయిందని మన విజ్ఞాన ప్రచారకుల్లో పెద్ద వర్గం అనుకుంటోంది. నేను దీనికి ఒప్పుకోను. ఆ నియమం మనకు వల్లింపుగా రాలేదు. మాంచెస్టర్ పక్కన బీరు తయారుచేసే కుటుంబంలో పుట్టిన జేమ్స్ జౌల్, ఏ విశ్వవిద్యాలయంలోనూ పదవి లేని మనిషి, నీళ్ళలో తెడ్లు తిప్పి థర్మామీటరు చూస్తూ సంవత్సరాలు గడిపాడు. ఒక పౌండు నీటిని ఒక డిగ్రీ ఫారన్‌హీట్ వేడి చేయడానికి 772 అడుగు-పౌండ్ల పని కావాలని 1850లో ప్రకటించాడు. ఆ అంకె ఒక ఔత్సాహికుడి చేతిలోంచి వచ్చింది. దాన్ని పట్టుకుని ఇవాళ ఔత్సాహికులను కొలవకుండానే తోసిపుచ్చడం న్యాయం కాదు. మన పేటెంట్ల చట్టం, 1970, మూడో సెక్షన్‌లో ప్రకృతి నియమాలకు స్పష్టంగా విరుద్ధమైనదాన్ని ఆవిష్కరణగా ఒప్పుకోదు. పేటెంటు ఆఫీసుకు ఆ నిబంధన అవసరం, అక్కడ ఫైళ్ళు కదలాలి. వ్యాసం రాసేవాడికి ఆ వెసులుబాటు లేదు.

చప్పట్లు కొట్టే రెండో వర్గం భాస్కరాచార్యుణ్ణి ముందుకు తెస్తుంది. పన్నెండో శతాబ్దంలోనే ఆయన ఆకుల్లో పాదరసం నింపిన చక్రాన్ని వర్ణించాడు, నిజమే. అది ఆగకుండా తిరిగిందని కొలిచి చూపినవాళ్ళు మాత్రం ఎవరూ లేరు. మన పూర్వుల మీద గౌరవం ఉన్నవాళ్ళు ఆ చక్రం చేయించి, ఎంతసేపు తిరిగిందో రాసి పెట్టాలి. ఈ మాట వాళ్ళ సభల్లోనూ చెప్పాను, ఇక్కడా చెబుతున్నాను.

మోసాల గురించి ఎక్కువ సేపు మాట్లాడను. 1996లో తమిళనాడులో రామర్ పిళ్ళై మూలికల నుంచి పెట్రోలు తీస్తానన్నాడు, దేశమంతా నమ్మింది. ఇరవై ఏళ్ళ తర్వాత, 2016లో, కోర్టు అతనికి శిక్ష వేసింది. నీళ్ళ బండి సంగతి ఇంకా తేలిక. ఒక కిలో హైడ్రోజన్ మండితే 33 యూనిట్ల వేడి వస్తుంది. ఆ కిలోను నీళ్ళలోంచి విడదీయడానికి ఆచరణలో 50 యూనిట్లకు పైగా కరెంటు పోతుంది. మామూలు బండి ఇంజను ఆ 33లో మూడో వంతు కూడా చక్రానికి చేర్చలేదు. దీని మీద ఇక చర్చ అక్కరలేదు.

చర్చ కావలసింది ట్రాంబే సంగతి మీద. 1989 మార్చి 23న అమెరికాలో యూటా విశ్వవిద్యాలయం నుంచి పాన్స్, ఫ్లైష్‌మన్ ప్రకటన వచ్చింది. భార జలంలో పల్లాడియం కడ్డీ పెట్టి కరెంటు పంపితే కేంద్రక సంలీనం (కోల్డ్ ఫ్యూజన్) జరిగిందన్నారు. అప్పుడు ట్రాంబేలోని భాభా అణు పరిశోధన కేంద్రానికి (బార్క్) డైరెక్టరు పి. కె. అయ్యంగార్. ప్రపంచంలో చాలా ల్యాబులకు లేని రెండు వసతులు అక్కడ ఉన్నాయి: భార జలం, ట్రిటియంను కొలవగల చేతులు. వారాల్లోనే పలు బృందాలు పనిలో దిగాయి. ఆ ఏడాదే అయ్యంగార్, ఎం. శ్రీనివాసన్‌ల సంపాదకత్వంలో ‘బార్క్-1500’ అనే నివేదిక వచ్చింది. అందులో న్యూట్రాన్లు కొద్దిగా, ట్రిటియం వాటికి కోట్ల రెట్లుగా కనిపించినట్టు రాశారు. మామూలు డ్యుటీరియం సంలీనమైతే రెండూ దాదాపు సమానంగా రావాలి.

ఇక్కడే నా చివరి గడి తెరుచుకుంటుంది. విద్యుద్విశ్లేషణలో తేలిక ఐసోటోపు ముందు గ్యాసుగా పోతుంది, బరువైనది నీళ్ళలో నిలుస్తుంది. కాబట్టి భార జలంలో మొదటే ఉన్న ట్రిటియం, ఏ సంలీనం లేకుండానే, చిక్కబడుతుంది. ఎంత చిక్కబడాలో లెక్క కట్టవచ్చు. తమకు కనిపించింది ఆ లెక్కకు మించి ఉందని ట్రాంబేవాళ్ళు అన్నారు. మొదటి నీళ్ళ నమూనాలో ఎంత ఉంది, ఎప్పుడు తీశారు, కడ్డీలో ముందే ఏమైనా ఉందా అని విమర్శకులు అడిగారు. వాళ్ళు చూసింది సంలీనమని నేను నమ్మను. అయితే ఈ ప్రశ్నలు పట్టికలు తెరిచి అడగాల్సినవి. తర్వాత అక్కడ ఆ పని సన్నగిల్లింది. 2011 ఫిబ్రవరిలో చెన్నైలో ఆ రంగంవాళ్ళ అంతర్జాతీయ సమావేశం జరిగింది, 2015లో ‘కరెంట్ సైన్స్’ పత్రిక ప్రత్యేక విభాగం వేసింది. నేను చదివిన తెలుగు వ్యాసాల్లో ఒక్కటీ ఆ నివేదిక పట్టికల దాకా వెళ్ళలేదు. సగం ‘మనవాళ్ళు సాధించారు’ అన్నాయి, సగం ‘అంతా బూటకం’ అన్నాయి.

గూగుల్ డబ్బుతో సుమారు ముప్పైమంది పరిశోధకులు కోల్డ్ ఫ్యూజన్ ప్రశ్నను మళ్ళీ తవ్వి, సంలీనానికి ఆధారం దొరకలేదని 2019లో ‘నేచర్’లో రాశారు. వాళ్ళకు దొరికిన లాభం వేరే: మునుపటికన్నా మెరుగైన కెలోరీమీటర్లు. ‘దొరకలేదు’ అన్న మాటను అంత ఓపికగా ప్రచురించడం తెలుగులో ఇంకా మొదలు కాలేదు.

ఇక లాభం చూపించే యంత్రాల సంగతి. కైగా అణు విద్యుత్ కేంద్రం కట్టడంలో పెద్ద బాధ్యతలు మోసిన పరమహంస తివారీ జీవితాంతం ఒక జనరేటరు మీద పనిచేశారు. ఇచ్చినదానికన్నా ఎక్కువ విద్యుత్తు వస్తోందన్నారు. 2017లో పోయారు. ఆయన నిజాయితీని నేను శంకించను. ఇలాంటి యంత్రాల దగ్గర నేను అడిగేది ఒకటే: ఇన్‌పుట్ ఏ మీటరుతో చూశారు? ఈ సభలోని కుర్రవాళ్ళు ఈ లెక్క రాసుకోండి. 100 వోల్టులు, 10 ఆంపియర్లు, అయితే పదో వంతు కాలమే వచ్చే పల్స్. నిజమైన సగటు పవర్ 100 వాట్లు. సగటు మాత్రమే చూపే మామూలు మీటరు 10 వోల్టులు అంటుంది, ఇంకో మీటరు 1 ఆంపియర్ అంటుంది. రెండూ గుణిస్తే 10 వాట్లు. యంత్రం 60 వాట్లు ఇచ్చిందనుకోండి, ఇచ్చినదానికి ఆరు రెట్లు వచ్చినట్టు! అబద్ధం ఆడినవాడు ఒక్కడూ లేడు, మీటరు కూడా చెడిపోలేదు. నేను చూసిన వసారా యంత్రాల్లో చాలావాటి రహస్యం ఈ గుణకారమే. నిత్యత్వ నియమం వల్లిస్తే ఆ మనిషి మారడు. ఆసిలోస్కోపు తెచ్చి, వోల్టేజీ కరెంటులను క్షణక్షణం గుణించి చూపిస్తే మారతాడు. అంతకన్నా మంచిది యంత్రాన్నంతా నీళ్ళ తొట్టిలో దింపి, వేడిని కొలవడం.

మనకు కొలిచి చూసే ఈ ఓపిక కొత్త కాదు. పశ్చిమ గోదావరి జిల్లా గొరగనమూడిలో పుట్టిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజుగారు సన్యసించి స్వామి జ్ఞానానంద అయ్యారు, హిమాలయాల్లో తపస్సు చేశారు. ఆ తర్వాత యూరప్ వెళ్ళి ప్రాగ్‌లో ఎక్స్ కిరణాల వర్ణపటాలు కొలిచారు. లివర్‌పూల్‌లో చాడ్విక్ దగ్గర బీటా కిరణాల మీద పనిచేశారు. తిరిగొచ్చి ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో అణుభౌతిక శాస్త్ర ప్రయోగశాల నిలబెట్టారు. ఆయన రాసిన శాస్త్రగ్రంథం దేని గురించి? హై వాక్యూమ్ గురించి, అంటే గొట్టంలోంచి గాలిని పూర్తిగా లాగడమెలా అన్నదాని గురించి. కాషాయం కట్టిన మనిషి లీకుల గురించి పుస్తకం రాశాడు. ఆధ్యాత్మికతకు విజ్ఞానానికి వంతెన వేస్తున్నామని రోజూ ఉపన్యసించేవాళ్ళు ఆయన పేరు వాడుకుంటారు, ఆయన పంపుల జోలికి వెళ్ళరు.

ఇక ఈ ఊరి మాట. 1959 ఫిబ్రవరిలో రాజేంద్రప్రసాద్‌గారి చేతుల మీదుగా మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగిన ఈ భిలాయికి శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి ఎందరో ఫిట్టర్లు, టర్నర్లు వచ్చారు. వాళ్ళలో ఒకాయన, సెక్టార్ క్వార్టర్స్‌లో మా వెనక వీధి, అయస్కాంతాల చక్రం ఒకటి చేశాడు. మిల్లీమీటరులో వందో వంతు తేడా పట్టగల చెయ్యి ఆయనది. చక్రం ఆగిపోయేది. ఆగిన ప్రతిసారీ ఎంతసేపు తిరిగింది, బేరింగుకు ఏ నూనె వేశాడు, ఆ రోజు ఎండ ఎంత ఉంది, అన్నీ నోటుబుక్కులో తెలుగులో రాసేవాడు. ‘బాబూ, ఆగకుండా తిరగదని నాకూ తెలుస్తోంది, ఎందుకు ఆగుతోందో పూర్తిగా తెలియాలి గదా’ అనేవాడు. రాపిడి గురించి, గాలి నిరోధం గురించి తెలుగులో నేను చూసిన అత్యుత్తమ ప్రయోగ రచన ఆ నోటుబుక్కులే. రిటైరై క్వార్టరు ఖాళీ చేసినప్పుడు పాత కాగితాల వాడికి వెళ్ళిపోయాయి. నాకు తెలిసేసరికి ఆలస్యమైంది.

మన విశ్వవిద్యాలయాల తెలుగు శాఖల్లో తాళపత్రాలకు సేకరణ ఉంది, జానపద గేయాలకు సేకరణ ఉంది. కార్మికులు, బడిపంతుళ్ళు, ఎలక్ట్రీషియన్లు రాసుకున్న ప్రయోగాల నోటుబుక్కులకు చోటు లేదు. అవి సాహిత్యం కావని సాహిత్యశాఖలు, శాస్త్రం కావని సైన్సు శాఖలు వదిలేశాయి. భిలాయి, విశాఖ, రూర్కెలా, జంషెడ్‌పూర్ తెలుగు ఇళ్ళలో ఇంకా కొన్ని మిగిలే ఉంటాయి.

అందుకని ఈ సదస్సు తీర్మానాల్లో మూడు పనులు చేర్చమని కోరుతున్నాను. ఆ నోటుబుక్కులు సేకరించి స్కాన్ చేయించాలి. ‘బార్క్-1500’ నివేదికను పట్టికలతో సహా తెలుగు చేయించాలి, పక్కనే దాని మీద వచ్చిన విమర్శలూ ఉండాలి. మన సదస్సు సంచికలో ఏటా కొన్ని పేజీలు విఫలమైన ప్రయోగాలకు ఇవ్వాలి: ఏం కట్టారు, ఏ మీటరు వాడారు, ఎంత వచ్చింది, లెక్క ఎక్కడ తేలలేదు. మధ్యాహ్నం సమావేశంలో ఈ మూడో ప్రతిపాదనకు అభ్యంతరం వస్తుందని నాకు తెలుసు. అభ్యంతరం చెప్పబోయేవారు వేదిక మీదే ఉన్నారు, వారి వాదన వినడానికి సిద్ధంగా ఉన్నాను. ఇంట్లో అలాంటి నోటుబుక్కులు ఉన్నవాళ్ళు భోజనాల వేళ కార్యదర్శిగారి దగ్గర పేరు, చిరునామా రాయించండి. మనుషులను పంపించి తెప్పిస్తాం.